జతలేని పెట్టెకు విరమణ లేదు

మా నగర లోకల్ రైలు సంస్థలో ఒక్క పెట్టె రిటైరు కావడానికి వీల్లేదు. రెండు కావచ్చు. నాలుగు కావచ్చు. అన్నీ కావచ్చు, అయ్యాయి కూడా. ఒక్కటి మాత్రం వీల్లేదు.

ఈ నిబంధన ఎలా పుట్టిందో నాకు తెలుసు. అది పుడుతున్నప్పుడు నేను పక్కనే కొబ్బరికాయలు కొడుతున్నాను.

మా యార్డులో ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తారు. రైలు పెట్టెలకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. పీటల మీద కూర్చోడానికి ఒక జంట కావాలి. చాలా ఏళ్లు ఆ జంట నేనూ, మా పారమ్మా. యార్డు ఆఫీసులో హెడ్ గుమాస్తాను, అందరికంటే పాతవాణ్ణి. పారమ్మ పోయాక పీటలు వేరేవాళ్లకు వెళ్లాయి. ఆమె పోయిన రోజు సంస్థ నాకు ఒక పూట సెలవిచ్చింది. రెండో పూటకి కారణం అడిగింది.

ఆ ఏడాది పీటల మీద తానే కూర్చుంటానని మా మేనేజింగ్ డైరెక్టరు సర్వోత్తమరావు గారు ముచ్చటపడ్డారు. తీరా ఆ వేళకి ఆయన భార్య తన చెల్లెలి సీమంతానికి వెళ్లిపోయింది. పురోహితులు సోమయాజులు గారు కాసేపు కళ్లు మూసుకుని, భార్య ఊళ్లో లేనప్పుడు ఎడమ పీట మీద దర్భ పెట్టుకుంటే చాలు, శాస్త్రం ఒప్పుకుంటుంది అన్నారు. ఎవరో నన్ను చూపించి, అలాగైతే గవరయ్య గారు కూడా దర్భ పెట్టుకుని కూర్చోవచ్చా అని అడిగారు.

"దర్భ ఊరెళ్లినవాళ్లకండీ. పోయినవాళ్లకి చెల్లదు," అన్నారు సోమయాజులు గారు.

నేను కొబ్బరికాయల దగ్గరికి వెళ్లాను.

ఒంటరివాడు ఎందుకు పనికిరాడని సర్వోత్తమరావు గారు అడిగారు. జంటగా చేసిన కర్మకే పూర్తి ఫలమనీ, ఒంటరిగా చేస్తే సగం దారిలోనే ఆవిరైపోతుందనీ సోమయాజులు గారు చెప్పారు. సర్వోత్తమరావు గారు దర్భ పక్కన కూర్చుని ఎదురుగా ఉన్న రైలు పెట్టెలను చాలాసేపు చూశారు. ఆయన ఏదైనా చాలాసేపు చూస్తే మాకు భయం.

మా పెట్టెలు రెండేసి కలిపి నడుస్తాయి. ఒకదాంట్లో మోటారు ఉంటుంది. రెండోదాంట్లో బ్రేకులకు గాలి అందించే యంత్రం ఉంటుంది. విడదీస్తే మోటారు ఉన్నదానికి ఆగడం తెలియదు, గాలి ఉన్నదానికి కదలడం తెలియదు. మా ఇంట్లోనూ అలాగే ఉండేది. దాని మీద ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

పెట్టెల మీద ఇచ్చారు. పూజ అయిన వారానికి 'జంట విధానం' వచ్చింది. నేనే టైపు చేశాను. పెట్టెలు సేవలో చేరడం, నడవడం, విరమించడం జతగానే జరగాలి. ఫ్యాక్టరీ నుంచి జతగా వచ్చినవి మాత్రమే నడవాలి. యార్డులో కలిపిన జత విరమణకు పనికొస్తుంది గాని నడవడానికి పనికిరాదు. మూడోది, విరమించిన జతను వేలంలో అమ్ముడుపోయేదాకా విడదీయరాదు, ఉన్నచోటు నుంచి కదపరాదు. అక్కడికి అయిపోయింది అనుకున్నాను. ఆయన తన చేత్తో కింద ఇంకొకటి రాసి పంపారు. ఈ విధానపు స్ఫూర్తి సిబ్బంది క్వార్టర్లకు కూడా వర్తిస్తుంది. ఒంటరిగా ఉంటున్నవారు ఉగాదిలోగా ఖాళీ చేయాలి.

అదీ నేనే టైపు చేశాను. ఒక్క తప్పు లేదు.

నా క్వార్టరు యార్డు గోడను ఆనుకుని ఆఖరిది. పెరట్లో పారమ్మ పాతించుకున్న రోలు ఉంది. కొన్నది కాదు, వాళ్ల అమ్మది, బండి మీద వచ్చింది. దాన్ని నేలలోకి దించి చుట్టూ సిమెంటు చేసింది తనే. నాకు వేరే ఇల్లు లేదు, ఉన్నా అందులో రోలు ఉండదు. క్వార్టర్లు చూసే అధికారి వచ్చి, పెరడంతా తిరిగి, గునపం ఉంటే రోలు తేలిగ్గానే ఊడివస్తుందని ధైర్యం చెప్పి వెళ్లాడు.

ఆ రోలు దగ్గరికి రోజూ వచ్చేది నూకరత్నం ఒక్కతే. ఒడ్డున చేపలు కొని, మా మొదటి బండిలో బజారుకు పోయి అమ్ముకుంటుంది. బండి వచ్చేలోగా మా పెరట్లో కారం దంచుకుంటుంది. పారమ్మని అప్పా అని పిలిచేది, అందుకని నేను బావని. ఉత్తర్వు సంగతి విని రోకలి పక్కన పెట్టింది.

"ఏటి బావా, మొగుడూ పెళ్లాలకి తప్ప ఇల్లివ్వరంతనా? మరి ఆ సర్వోత్తమం గారి పెళ్లాం ఏడాదికి పది నెల్లు పుట్టింటికాడే కదా. ఆ బాబు బంగళాలో దర్భతోటి కాపరం సేస్తన్నాడా?"

ఆఫీసులో వాళ్లు నూకరత్నంలా కాదు, దారి చూపించేవాళ్లు. జీళ్ల దుకాణం ఉన్న ఒకావిడ సంగతి ముగ్గురు విడివిడిగా తెచ్చారు. మంచి మనిషిట. మోకాళ్ల నొప్పులు తప్ప ఏ బాధా లేదట. నేను ముగ్గురికీ ఒకే జవాబు చెప్పాను, ఫైళ్లు చూసుకోమని. పెళ్లికాని కుర్రాళ్లు మాత్రం క్వార్టర్ల కోసం గబగబా పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆ మాఘమాసంలో యార్డులో నాకు తప్ప అందరికీ భోజనాలు కుదిరాయి. నాకూ పిలుపులు వచ్చాయి. ఒంటరిగా రావచ్చని కార్డు మీద ఎవరూ రాయలేదు, నేను వెళ్లలేదు.

అసలు పని అప్పటికే మొదలైంది. పాత పెట్టెల విరమణ.

పదిహేడో నంబరు పెట్టె ఆరేళ్లుగా మూడో లైను మీద పడి ఉంది. దాని జత పద్దెనిమిది షెడ్డులోనే కాలిపోయింది. పదిహేడులో చెట్లు మొలిచాయి, ఒక నల్లకుక్క ఏటా అందులోనే ఈనేది. ముందుగా రిటైరు చేయాల్సింది దాన్నే. దానికి జత లేదు. నిబంధన ఒప్పుకోదు.

కమిటీ వేశారు. న్యాయాధికారి ఉమాకాంతం గారు దారి కనిపెట్టారు. పైన ఉదహరించిన రెండో నిబంధననుసరించి, విరమణ నిమిత్తం ఏ రెండు పెట్టెలనైనా జత చేయవచ్చును. కాబట్టి నడుస్తున్న ఇరవై నాలుగో నంబరును విడదీసి పదిహేడుకు కలిపితే జత పూర్తి. రెండూ రిటైరు.

సభ బాగా జరిగింది. పదిహేడుకు పూలదండ వేశారు. సర్వోత్తమరావు గారు, సేవాకాలంలో ఏనాడూ ఆలస్యానికి సాకు చెప్పని సహచరి అని పొగిడారు. లోపల నల్లకుక్క పిల్లలకు పాలిస్తోంది. శాలువా ఎవరికి కప్పాలో తెలియక కిటికీ ఊచకు కట్టారు. సాయంత్రానికి కుక్క దాన్ని లోపలికి లాక్కుంది. ఆ రోజు సభలో ఎవరికైనా నిజంగా ఉపయోగపడింది ఆ శాలువాయే.

మర్నాడు ఇరవై మూడు ఒంటరిగా నిలబడి ఉంది. దాని జతను నిన్ననే సాగనంపాం. యార్డులో ఇంకొకదాన్ని కలిపితే ఆ జత నడవడానికి పనికిరాదు. విరమణకు పనికొస్తుంది. కాబట్టి ముప్పై ఒకటిని విడదీసి ఇరవై మూడుకు కలిపి రెంటినీ రిటైరు చేశారు. ముప్పై రెండు మిగిలింది.

ఇంజనీరు పట్టాభి కొత్తగా వచ్చినవాడు. సమావేశంలో లేచి నిలబడి, పెట్టెలు మొత్తం బేసి సంఖ్య అనీ, రెండేసి తీసుకుంటూ పోతే ఎప్పటికీ ఒకటి మిగులుతూనే ఉంటుందనీ అన్నాడు.

సర్వోత్తమరావు గారు చిరునవ్వు నవ్వారు. "పట్టాభీ, మీరు మిగిలినదాన్ని చూస్తున్నారు. సంస్థ వెళ్లినవాటిని చూస్తుంది. అదీ దృక్పథం."

పట్టాభిని దృక్పథం నేర్చుకోడానికి ఒక కొండమీది ఊరికి శిక్షణకు పంపారు. తిరిగి వచ్చాక ఏ సంఖ్య గురించీ మాట్లాడలేదు. కొంచెం లావయ్యాడు.

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. రాజధాని నుంచి మెచ్చుకోలు వచ్చింది. పాత పెట్టెలను ఇంత వేగంగా విరమింపజేసిన సంస్థ ఇంకొకటి లేదట. పాతవి అయిపోయాక మధ్యరకానివి రిటైరయ్యాయి. అవీ అయ్యాక కొత్తవి. నెలకో సభ జరిగేది, తర్వాత వారానికోటి. బంతిపూలవాడు యార్డు గేటు దగ్గరే కొట్టు పెట్టాడు. సర్వోత్తమరావు గారి ఉపన్యాసంలో నంబరు ఒక్కటే మారేది. ఒకసారి అదీ మారలేదు, ఎవరూ గమనించలేదు.

బండ్లు తగ్గాయి. ముందు గంటకొకటి, తర్వాత పూటకొకటి. ఆఖరికి ఉదయం ఒకటి వెళ్లేది, సాయంత్రం అదే తిరిగొచ్చేది. ఒకరోజు ఆ జతలో ఒకదాన్ని కూడా విడదీయాల్సి వచ్చింది, ముందు మిగిలినదానికి తోడు కావాలి కదా. ఆ మర్నాడు నుంచి బండి లేదు.

సంస్థ మాత్రం నడిచింది. స్టేషన్లలో దీపాలు వెలిగాయి. బండి సకాలంలో వచ్చుచున్నది అని మైకు చెప్పింది. ఆలస్యంగా వచ్చిన బండి ఒక్కటీ లేదు, ప్రమాదం లేదు, రద్దీ లేదు, పరిశుభ్రత అద్భుతం. మూడు బహుమతులు వచ్చాయి. నూకరత్నం తట్ట దించి ప్లాట్‌ఫారం మీదే చేపలు అమ్మడం మొదలుపెట్టింది. నీడ ఉంది, కొళాయి ఉంది. తోటివాళ్లూ వచ్చారు. మైకు బండి వస్తోందన్నప్పుడల్లా వాళ్లు నవ్వేవాళ్లు, పిల్లులు మాత్రం కాస్త జరిగేవి.

మార్చి నెలాఖరుకి మిగిలింది నలభై ఆరో నంబరు పెట్టె. వయసులో మా సంస్థలో అన్నిటికంటే చిన్నది. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. లోపల కొత్త రంగు వాసన. ఒంటరిగా నిలబడి తళతళ మెరుస్తోంది. వారంలో రాజధాని నుంచి బృందం రాబోతోంది, మా సంస్థను ఒంటరి పెట్టెలు లేని తొలి సంస్థగా ప్రకటించడానికి. ఆ వారంలోనే ఉగాది. నా గడువూ అదే.

నలభై ఆరుకు జత కోసం వెతికారు. మునిసిపల్ పార్కులో పిల్లలు ఎక్కే బుల్లి రైలు పెట్టెను అడిగారు. అవీ మూడు కలిసే ఉంటాయి, విడదీస్తే పిల్లలు ఏడుస్తారని పార్కువాళ్లు ఇవ్వలేదు. ఆ ఊళ్లో తెలివిగా ఆలోచించిన ఆఫీసు అదొక్కటే.

ఒక మధ్యాహ్నం సర్వోత్తమరావు గారు నన్ను పిలిపించారు. ఉమాకాంతం గారు కూడా ఉన్నారు. కూర్చోమన్నారు. ఆ గదిలో కుర్చీ మెత్తగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఉమాకాంతం గారు ఫైలు తెరిచారు. జంట విధానంలో ఎక్కడా పెట్టె అంటే ఏమిటో నిర్వచించలేదట. నిర్వచనం కోసం సంస్థ మూల నిబంధనలు చూడాలట. అక్కడ యూనిట్ అని ఉందట. "యూనిట్ అనగా సంస్థ జాబితాలో నంబరు కలిగి సేవలో ఉన్నది ఏదైనా. గవరయ్య గారూ, మీకు నంబరు ఉందా?"

"ఉందండీ."

"సేవలో ఉన్నారా?"

"ఇంకా రెండేళ్లుంది."

"ఒంటరిగా ఉన్నారా?"

ఈసారి నా జవాబు కోసం ఆగలేదు. ఆయన రాసుకున్నారు.

సర్వోత్తమరావు గారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. సంస్థ ఒక కుటుంబమనీ, కుటుంబం కోసం ఎవరో ఒకరు ముందడుగు వేయాలనీ, నాదీ నలభై ఆరుదీ ఒకే సమస్య అనీ అన్నారు. ఒకే ఉత్తర్వుతో ఇద్దరి ఒంటరితనమూ తీరిపోతుందట. పారమ్మ పోయినప్పుడు ఆయన ఈ గదిలోనే ఉన్నారు. నాకు కబురు కూడా పెట్టలేదు.

నేను ఒక్కటే అడిగాను. "మూడో నిబంధన నాకూ వర్తిస్తుందాండీ?"

సర్వోత్తమరావు గారికి మూడోది గుర్తులేదు. ఉమాకాంతం గారికి గుర్తుంది గాని, ఆయన దృష్టి వచ్చే బృందం మీద ఉంది.

"నిబంధనకు మనిషి, పెట్టె అన్న పక్షపాతం ఉండదు," అన్నారు గంభీరంగా.

సంతకం పెట్టాను.

సభకి రాజధాని వాళ్లు వచ్చారు. యార్డులో షామియానా వేశారు. నాకూ నలభై ఆరుకూ ఒకేలాంటి దండలు. సోమయాజులు గారు ఉత్సాహం పట్టలేక నా కండువా కొసను తెచ్చి పెట్టె కొక్కేనికి ముడివేశారు. ఇది శాస్త్రంలో ఉందా అని ఎవరో అడిగితే, లేదని శాస్త్రంలో ఎక్కడా లేదు అన్నారు. రాజధాని వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. వాళ్లలో పెద్దాయన, ఈ జతలో మోటారు ఉన్నది ఎవరని అడిగాడు. పట్టాభి నన్ను చూపించాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు.

చేపలవాళ్లంతా గోడెక్కి చూశారు. ముడి విప్పుకుని వస్తుంటే నూకరత్నం దారికి అడ్డం నిలబడింది.

"ముసిలోడివైపోయినాక కొత్త పిల్లనే తెచ్చావు బావా. ఇంకా కవరు కూడా తియ్యనేదట. అప్ప సూస్తే నీ నడుం ఇరగ్గొట్టీసును."

"నిజమే," అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. ఎవరూ చూడకుండా నవ్వుకున్నాను.

ఉగాది నాడు క్వార్టర్లు చూసే అధికారి ఇద్దరు కూలీలతో, గునపంతో వచ్చాడు. అతనికి పచ్చడి పెట్టాను. తిన్నాక నా ఉత్తర్వూ, మూడో నిబంధనా చదివి వినిపించాను. విరమించిన జతను అమ్ముడుపోయేదాకా ఉన్నచోటు నుంచి కదపరాదు. నేను విరమించిన జతలో ఒకణ్ణి. ఉన్నచోటు ఇదే. అతను ఉమాకాంతం గారికి ఫోను చేశాడు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను కూలీలను గునపం తీసుకుని పొమ్మని, ఇంకొంచెం పచ్చడి అడిగాడు.

నన్ను కదపాలంటే ముందు అమ్మాలి. అమ్మడానికి ప్రకటన ఇచ్చారు. ఒక జత, అందులో పెట్టె ఒకటి, హెడ్ గుమాస్తా ఒకటి, ఎక్కడున్నవి అక్కడ, ఎలా ఉన్నవి అలా. పాత ఇనుము వ్యాపారి ఖాదర్ సాహెబు చూడ్డానికి వచ్చాడు. నలభై ఆరును సుత్తితో తట్టి చూశాడు. నా దగ్గరికి వచ్చి సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

"పెట్టె బంగారంలాంటిది," అన్నాడు. "మీరే, ఏమీ అనుకోకండి, కరగరు."

అదీ నిజమే. పెట్టెను విడిగా ఇమ్మని ఆఫీసులో అడిగి చూశాడు. విడదీయరాదు అన్నారు. అతను నాతో టీ తాగి వెళ్లిపోయాడు. తర్వాత వేలానికి ఎవరూ రాలేదు. ఏడాదికి రెండుసార్లు ప్రకటన వేస్తారు. నా పేరులో ఒక అక్షరం ఎప్పుడూ తప్పే పడుతుంది.

సర్వోత్తమరావు గారికి పైకి బదిలీ అయింది. ఇప్పుడు విమానాలు చూస్తున్నారట. వాటికి రెక్కలు జతగానే ఉంటాయి కాబట్టి ప్రయాణికులు భయపడక్కర్లేదు. సిబ్బందిని చాలామందిని సిటీ బస్సులకు పంపేశారు. యార్డులో లైన్ల నిండా విరమించిన జతలు, ఈ కొస ఇంట్లో నేను.

దసరా వచ్చింది. బండ్లు లేకపోయినా పూజ ఆపకూడదన్నారు. కొత్త డైరెక్టరు బ్రహ్మచారి. సంస్థ జాబితా తిరగేసి, యార్డులో మిగిలిన జతల్లో పీట మీద కూర్చోగలిగినది నాదొక్కటే అని తేల్చారు. నాకు కబురు వచ్చింది. పంచె కట్టుకుని వెళ్లాను. సోమయాజులు గారు నలభై ఆరు నంబరు ఇనుప పలకను ఊడదీయించి, పసుపు రాసి, ఎడమ పీట మీద పెట్టి ఉంచారు. కుడి పీట చూపించి కూర్చోమన్నారు.

"పోయినవాళ్లకి దర్భ చెల్లదన్నారు కదండీ," అన్నాను.

"ఇది దర్భ కాదు గవరయ్యా. పైగా దీనికి ఉత్తర్వుంది."

నేను వంగి ఆ పలకను ఎడమ పీట మీద నుంచి తీశాను. కుడి పీట మీద పెట్టాను. ఎడమది నా కండువాతో తుడిచాను.

"ఉత్తర్వు ఉన్నదాన్నే కూర్చోబెట్టండి. ఈ పీటకి మనిషుంది."

కొబ్బరికాయల దగ్గరికి వెళ్లాను. వెనక ఎవరో గొణిగారు, ఎవరో ఊరుకోమన్నారు. మంత్రాలు మొదలయ్యాయి. పలక కదలకుండా కూర్చుంది. అంత శ్రద్ధగా కూర్చున్న యజమానిని తానింతవరకు చూడలేదని తర్వాత సోమయాజులు గారే ఒప్పుకున్నారు.

కాయ కొడితే రెండు చిప్పలవుతుంది. ఒకటి దేవుడి దగ్గర ఉంచుకుని ఒకటి మనకిస్తారు. నాది పట్టుకుని ఇంటికి వచ్చేసరికి నూకరత్నం పెరట్లో ఉంది. చిప్ప అందుకుని, కోరి, పారమ్మ రోట్లో వేసి, నాలుగు పచ్చిమిరపకాయలతో పచ్చడి నూరింది. ఇద్దరం తిన్నాం. ఒంటి చిప్ప పచ్చడికి పనికిరాదని ఇంతవరకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.